పాపకి నాలుగున్నరకే తెల్లారిపోతోంది

విశాఖపట్నం నుంచి ఒక తల్లి రాశారు. పేరు వద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం, కుదించి ఇస్తున్నాను.

పాపకి తొమ్మిది నెలలు నిండబోతున్నాయి. 26 వారాల ప్రసూతి సెలవు అయిపోగానే ఈవిడ మళ్లీ ఉద్యోగంలో చేరారు. పొద్దున తొమ్మిదింటికల్లా ఇంట్లోంచి బయటపడాలి. అత్తమామలు వీళ్లతోనే ఉంటారు, పగలు పాప బాధ్యత అత్తగారిదే. భర్తది ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. పొద్దున మొదలయ్యే ‘ఏ’ షిఫ్టు వారం నాలుగున్నరకి అలారం పెట్టుకుని లేస్తారు. బీ షిఫ్టయితే రాత్రి పదకొండుకి ఇల్లు చేరతారు, సీ షిఫ్టయితే పొద్దున ఆరున్నర దాటాక వస్తారు.

సాయంత్రం లాల పోసి, సాంబ్రాణి వేసి, పాలిచ్చి పడుకోబెడితే పాప 6.45కల్లా నిద్రపోతుంది. రాత్రి పదకొండుకి ఒకసారి, రెండింటికి ఒకసారి లేచి పాలు తాగి మళ్లీ పడుకుంటుంది. దానితో ఆవిడకి పేచీ లేదు. కష్టమంతా 4.40తోనే. ఐదు నిమిషాలు అటూ ఇటూగా రోజూ అదే టైము, భర్త ఏ షిఫ్టులో ఉన్నా సరే. లేచిందంటే ఇక పడుకోదు. ‘పోనీ ఏడుస్తుందా అంటే అదీ లేదు. నవ్వుతూ లేస్తుంది. అది చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండుతోంది’ అని రాశారు. ఒకరోజు పాప మీద గట్టిగా కసురుకుని, ఆ తర్వాత బాత్రూములో కూర్చుని ఏడ్చారట.

అత్తగారికి ఎప్పటినుంచో నాలుగున్నరకి లేచే అలవాటు. పాప గొంతు వినపడగానే వచ్చి ఎత్తుకెళ్తారు. హాల్లో ట్యూబులైటు, టీవీలో సుప్రభాతం, తాతగారి ఒళ్లో కూర్చుని బిస్కెట్టు ముక్క చప్పరించడం. ఆరింటికి పాప కళ్లు నలుపుకుంటుంది. చీర ఉయ్యాలలో వేస్తే ఏడున్నర దాకా కదలదు. ఆ తర్వాత పదకొండు నుంచి పన్నెండు దాకా ఒక కునుకు, మూడున్నర నుంచి నాలుగుంపావు దాకా ఇంకో కునుకు.

పాపని అత్తగారు ఎత్తుకెళ్లాక మీరు పడుకోవచ్చు కదా అని ఎవరైనా అడుగుతారని ఆవిడే ముందుగా రాశారు: ‘పెద్దావిడ నా బిడ్డని ఎత్తుకుని తిరుగుతుంటే నేను ముసుగుతన్ని పడుకుంటే బాగోదు. అందుకని లేచి వంట మొదలుపెడతాను.’

సలహాలకి కొదవ లేదు. ‘ఆలస్యంగా పడుకోబెడితే ఆలస్యంగా లేస్తుంది’ అని భర్త. వారం రోజులు తొమ్మిదిన్నర దాకా మేలుకొలిపి ఉంచారు. పేచీ పెరిగింది, లేవడం మాత్రం అదే 4.40కి. పైగా ఆరింటి కునుకు ఎనిమిదిన్నర దాకా సాగింది. రాత్రి చిక్కగా జావ పట్టమని పక్కింటావిడ. వస అరగదీసి నాకించమని పుట్టింటివాళ్లు. జలుబు సిరప్పు కొంచెం పోయమని ఆఫీసులో ఒకావిడ. వేరే గదిలో పెట్టి ఏడవనివ్వమని అమెరికాలో ఉన్న పెద్దమ్మ కూతురు. ఇక అత్తగారైతే అసలిది సమస్యే కాదంటారు: ‘పిల్లలు కోడి కూతతోనే లేస్తారు, ఒంటికి మంచిది.’

చివరికి అడిగింది ఇది: ‘ఏడున్నర దాకా పడుకునేలా చేయడానికి దారేమైనా ఉందా, లేక నేనే సర్దుకోవాలా?’

* * *

అమ్మా, మీరు టైములన్నీ రాసి మంచి పని చేశారు. సగం జవాబు వాటిలోనే ఉంది. ఒకసారి కూడి చూద్దాం.

రాత్రి 6.45 నుంచి 4.40 దాకా, పాలకి లేచిన సమయం తీసేస్తే తొమ్మిదిన్నర గంటలు. పొద్దున గంటన్నర. మధ్యాహ్నం గంట. సాయంత్రం ముప్పావు గంట. మొత్తం 12 గంటల 45 నిమిషాలు. నాలుగు నుంచి పదకొండు నెలల పిల్లలకి పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటలు నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీ పాప ఆ లెక్కలోనే ఉంది. నవ్వుతూ లేవడానికి కారణం అదే. ఇంట్లో నిద్ర చాలనిది మీ ఒక్కరికే.

ఇప్పుడు మీరడిగిన ఏడున్నర సంగతి. 6.45కి పడుకుని 7.30కి లేస్తే పావు తక్కువ పదమూడు గంటలు అయిపోతాయి. అంటే రోజు మొత్తానికి పాపకి కావలసిన నిద్రంతా రాత్రే ఖర్చయిపోతుంది. పగలు కునుకు లేని తొమ్మిది నెలల పిల్లని మీ అత్తగారి చేతిలో పెట్టి మీరు ఆఫీసుకి వెళ్లాలి. అది జరిగే పని కాదు, జరిగినా మీరు కోరుకునేది కాదు. ఏడున్నరని మరిచిపోండి. ఆరు గంటలు అయ్యే పని. మరీ కలిసొస్తే ఆరుంపావు. ఆరు అంటే మీకు గంటా ఇరవై నిమిషాల నిద్ర, అది చిన్న విషయం కాదు.

అసలు చిక్కు ఆరింటి కునుకులో ఉంది. దాన్ని మీరందరూ పగటి కునుకుల్లో మొదటిదిగా లెక్కేస్తున్నారు. నాకు అలా కనిపించట్లేదు. లేచిన గంటా ఇరవై నిమిషాలకే మళ్లీ పడి, గంటన్నర కదలకుండా పడుకుంటోందంటే అది రాత్రి నిద్రలో మిగిలిపోయిన భాగమే. మధ్యలో హాల్లో కాలక్షేపం వచ్చి రెండు ముక్కలైంది. ఆరింటికి ఉయ్యాల ఖాయం అని పాప ఒంటికి అలవాటైపోయాక, 4.40 తర్వాత పడుకోవలసిన అవసరం దానికేముంది? మీ ఆయన ప్రయోగం బెడిసికొట్టిందీ ఇందుకే. రాత్రి పోగొట్టుకున్న నిద్రని పాప ఎనిమిదిన్నర దాకా పడుకుని రాబట్టుకుంది. మీ ఆయన చెప్పింది పూర్తిగా తప్పని కాదు. పడుకునే వేళని జరపడం మంచి ఆలోచనే, కానీ ఒక్కసారిగా దాదాపు మూడు గంటలు జరిపారు, ఆరింటి కునుకుని ముట్టుకోలేదు. ఒంట్లో గడియారం వారం రోజుల్లో అంత దూరం కదలదు.

మరి 4.40కే ఎందుకు అంటే, ఆ వేళకి పాప అప్పటికే తొమ్మిదిన్నర గంటలు పడుకుని ఉంటుంది. నిద్ర ఆకలి చాలా మటుకు తీరిపోయి ఉంటుంది. తెల్లవారుజామున నిద్ర పలచబడుతుంది, పెద్దవాళ్లకైనా అంతే. పసిపిల్లలకి గంటకొకసారి నిద్ర పైకి తేలి మళ్లీ మునుగుతుంది. రాత్రి పదింటికి అలా తేలినప్పుడు మీరెవరూ గమనించరు, పాపే సర్దుకుంటుంది. 4.40కి తేలినప్పుడు చిన్న చప్పుడు చాలు. ‘ఏ’ షిఫ్టు వారంలో అలారం, అత్తగారు కుళాయి తిప్పడం, కింద వాటర్ మోటారు. ఇంకొకటి చూడండి: మీ ఏసీకి టైమరు ఉంటే అది ఎన్నింటికి ఆగుతోంది? చాలా ఇళ్లలో కరెంటు బిల్లు భయంతో నాలుగు, నాలుగున్నరకి ఆగేలా పెడతారు. ఏసీ ఆగిన పావుగంటకి గది ఉక్కపోస్తుంది, పిల్ల లేస్తుంది, నింద దిష్టి మీద పడుతుంది.

అలారం ఒక్కటే కారణమైతే బీ షిఫ్టు వారంలో పాప పడుకోవాలి. పడుకోవట్లేదని మీరే రాశారు. అంటే లేపేది ఏదైనా, నిలబెడుతున్నది ఆ తర్వాత జరిగేదే. పాప వైపు నుంచి చూడండి. కళ్లు తెరవగానే నానమ్మ వస్తుంది. లైట్లు, పాట, తాతయ్య ఒళ్లు, నోట్లో బిస్కెట్టు. రోజు మొత్తంలో ఇంట్లో అందరూ తన చుట్టూ చేరే గంట అది. మీరు తొమ్మిదింటికి వెళ్లిపోతారు, తాతగారు పేపరులో పడతారు, నానమ్మ వంటింట్లో పడుతుంది. ఇంత సంబరం నాలుగూ నలభైకి దొరుకుతుంటే ఆరు దాకా ఎవరాగుతారు?

మీ అత్తగారి మీద నేరం మోపడం లేదు. కోడలికి సాయం చేద్దామనే ఆవిడ పాపని ఎత్తుకెళ్తున్నారు.

విశాఖ వాళ్లకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. దేశమంతటికీ గడియారం ఒకటే గానీ తూర్పు తీరానికి సూర్యుడు ముందొస్తాడు. మే నెలాఖరులో మీకు 5.20 ప్రాంతంలో సూర్యోదయం, హైదరాబాదుకి దానికి ఇరవై నిమిషాల తర్వాత. సూర్యుడికి ముందు ఇంకో ఇరవై నిమిషాల నుంచే వెలుతురు ఉంటుంది కాబట్టి వేసవిలో ఐదింటికే మీ కిటికీ తెల్లబడుతుంది. పాప 4.40కి లేవడానికి వెలుతురు కారణం కాదు, అప్పటికింకా చీకటే. కానీ లేచిన పిల్లని మళ్లీ పడుకోబెట్టడానికి మీకు ఉన్న వ్యవధి ఆ ఇరవై నిమిషాలే. ఆ తర్వాత వెలుతురు మీకు ఎదురు తిరుగుతుంది.

ఇక ఏం చేయొచ్చో చూద్దాం. మూడు దారులున్నాయి, వేటి కష్టం వాటికుంది.

మొదటిది, నిదానంగా జరపడం. మొదలుపెట్టిన రోజు నుంచి ఆరు గంటల దాకా పాప గది దాటి రాదు, లైటు వెలగదు. కిటికీకి మందపాటి దుప్పటి రెండు మడతలు వేసి బిగించండి, గాలి ఆడటానికి ఫ్యాను పెట్టండి. ఫ్యాను చప్పుడు హాల్లో అలికిడిని కూడా కొంత మింగేస్తుంది. తలుపు కింద సందులోంచి ట్యూబులైటు పడుతుంటే ఒక తువ్వాలు పెట్టండి. పాప 4.40కి లేచినప్పుడు మాట్లాడకుండా, కళ్లలోకి చూడకుండా, పాలిచ్చి పక్కన పడుకోండి. మీరు నేల మీద పరుపు వేసుకుని పాపతో పడుకుంటున్నానని రాశారు, అది మేలే. పరుపు గట్టిగా ఉండాలి, పాప చుట్టూ దిండ్లూ బొంతలూ ఉండకూడదు. నిద్రమత్తులో సోఫాలో కూర్చుని మాత్రం పాలివ్వకండి. అలాగే కునుకు పడితే పిల్లకి ప్రమాదం.

మొదటి రోజుల్లో పడుకోదు. పాకుతుంది, మీ ముక్కు పట్టుకుంటుంది, తలుపు వైపు చూసి నానమ్మని పిలుస్తుంది. అయినా చీకట్లోనే ఉంచండి. ఈ గంటలో పాపకి దొరికేది మీ పక్కన బోరు కొట్టడం ఒక్కటే కావాలి.

దీనితోపాటే ఆరింటి కునుకుని వెనక్కి నెట్టాలి. రెండు రోజులు 6.15, తర్వాత రెండు రోజులు 6.30, అలా. పాప లేచే వేళ ఆరుకి చేరేసరికి మొదటి కునుకు ఎనిమిదిన్నర ప్రాంతంలో పడాలి. గంటకి మించకుండా లేపేయండి. నిద్రపోయే పిల్లని లేపడమా అని అత్తగారు అభ్యంతరం చెబుతారు. ఆ ఒక్క కునుకు విషయంలో అవును, లేపడమే. ఎనిమిదిన్నరకి మొదలైతే పదకొండింటి కునుకు కూడా పన్నెండు దాటాక పడుతుంది, దాన్ని అలాగే జరగనివ్వండి. అటు రాత్రి పడుకునే వేళని మూడు నాలుగు రోజులకి పావుగంట చొప్పున 6.45 నుంచి 7.30కి తీసుకురండి. లాల, సాంబ్రాణి, పాలు అన్నీ దానితోపాటే జరగాలి. సాయంత్రం ఐదున్నరకి పాపని వాకిట్లోకో మేడ మీదకో తీసుకెళ్లండి. సాయంత్రపు వెలుతురు నిద్రవేళని కొంచెం వెనక్కి జరపడానికి పనికొస్తుంది. సాంబ్రాణి పొగ మాత్రం పాప పడుకునే గదిలో వద్దు, పసివాళ్ల ఊపిరితిత్తులకి ఏ పొగైనా పొగే.

ఈ దారిలో మొత్తం మూడు వారాలు పడుతుంది. రెండో వారం అన్నిటికంటే కష్టం. పాపకి ఆరింటికి ఉయ్యాల దొరకదు, లేచే వేళ ఇంకా పూర్తిగా జరగలేదు, కాబట్టి ఆరున్నర నుంచి ఏడున్నర దాకా చంక దిగదు. సరిగ్గా మీరు బాక్సులు సర్దుకునే వేళ. అప్పుడు ఎవరెత్తుకుంటారో ముందే మాట్లాడుకోకుండా మొదలుపెడితే మూడో రోజే వదిలేస్తారు. మావయ్యగారు పొద్దున నడకకి వెళ్తారని రాశారు కదా. ఆ నడక ఆరున్నరకి మార్చుకుని పాపని వెంట తీసుకెళ్లమనండి. ఆరు దాకా చీకటి, ఆ తర్వాత బోలెడంత వెలుతురు: ఒంట్లో గడియారం దిద్దుకోవడానికి ఇది మంచి మందు.

రెండో దారి మీ పెద్దమ్మ కూతురు చెప్పింది, ఏడవనివ్వడం. మనవాళ్లు దాన్ని రాక్షసత్వం అంటారు, అక్కడివాళ్లు మనది గారాబం అంటారు. రెండూ అతిశయోక్తులే. ఆస్ట్రేలియాలో ఎనిమిది నెలల వయసు పిల్లల తల్లులకి, కాసేపు ఆగి ఓదార్చడం, పక్కనే కూర్చుని నెమ్మదిగా దూరం జరగడం లాంటి పద్ధతులు నేర్పి, ఆ పిల్లల్ని ఆరేళ్ల వయసులో మళ్లీ పరీక్షించారు. 2012లో వచ్చిన ఫలితం: పిల్లలకి శాశ్వతంగా హానీ లేదు, శాశ్వతంగా లాభమూ లేదు. కాబట్టి ఎవరైనా చేస్తే నేను తప్పు పట్టను. కానీ అది రాత్రి పడుకోబెట్టేటప్పుడు పనిచేసినంతగా 4.40కి పనిచేయదు, ఆ వేళకి పాపని నిద్రలోకి లాగే బలం తక్కువ కాబట్టి. అదీకాక మీది తలుపు అవతల నానమ్మా తాతయ్యా ఉన్న ఇల్లు. ఇరవై నిమిషాలు ఏడ్చాక ఎవరో ఒకరు తలుపు తీస్తారు. దాంతో పాప నేర్చుకునేది ఇరవై నిమిషాలు ఏడవాలని. మీ ఇంటికి ఇది సరిపడదని నా అభిప్రాయం. నిర్ణయం మీది.

మూడో దారి, పాపని అలాగే వదిలేసి మనుషుల్ని మార్చడం. దీన్ని ఓడిపోవడం అనుకోకండి. పాప ఆరోగ్యంగా ఉంది, నానమ్మ సంతోషంగా ఉంది. ఈ ఇంట్లో 4.40కి లేవడం ఒక్కరికే కష్టంగా ఉంది. మీరు పాలిచ్చి, పాపని అత్తగారికి అందించి, తలుపేసుకుని ఆరు దాకా పడుకుంటే సమస్య అక్కడితో అయిపోతుంది. దానికి అడ్డు మీరే రాసిన ఆ ‘బాగోదు’ అన్న మాట. బాగోదని మీ అత్తగారు అన్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఒకసారి అడిగి చూడండి. రాత్రి రెండుసార్లు లేచే మనిషి పొద్దున గంట పడుకుంటే ఏ అత్తగారూ మొహం ముడుచుకోరని నేను హామీ ఇవ్వలేను గానీ, అడగకుండానే ముడుచుకుంటారని తీర్మానించుకోవడం ఆవిడకీ అన్యాయమే. ఈ దారిలో నష్టం ఏమిటంటే ఉదయపు వంట. టిఫినూ లంచ్ బాక్సూ ఆరు తర్వాత మొదలుపెడితే తొమ్మిదింటికి బయటపడలేరు. రాత్రే కూరలు తరిగి పెట్టుకోవడం, వారంలో కొన్ని రోజులు ఇడ్లీపిండి మీద గడిపేయడం, లేదా కొన్నాళ్లు ఆఫీసు క్యాంటీను. ఇంకో నష్టం, పాప పెద్దదై ఆరింటి కునుకు మానేసిన రోజున నానమ్మకి 4.40 నుంచి పదకొండు దాకా విరామం ఉండదు. అప్పుడు ఆవిడే మొదటి దారి అడుగుతారు.

నన్నడిగితే మూడో దారితో ఈ రోజే మొదలుపెట్టి ముందు మీరు కొన్నాళ్లు నిద్రపోండి. ఆ తర్వాత మొదటి దారి మొదలుపెట్టండి. నిద్ర లేని మనిషి మూడు వారాల పథకాన్ని నడపలేదు. పాప మీద కసురుకున్నందుకు బాధపడ్డారు. రాత్రుళ్లు ముక్కలు ముక్కలుగా పడుకునేవాళ్లకి విసుగు రావడం సహజం. అయితే పగలు కూడా ఏడుపు ఆగకపోవడం, పాప నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం లాంటివి ఉంటే అది వట్టి అలసట కాకపోవచ్చు. ప్రసవమైన ఏడాదిలోపు ఎప్పుడైనా కుంగుబాటు రావచ్చు. డాక్టరుకి చెప్పండి, ఆగకండి.

అత్తగారితో మాట్లాడేటప్పుడు నిద్ర గురించి పాఠం చెప్పకండి. ‘అత్తయ్యా, ఒక మూడు వారాలు ఆరు దాకా పాప నా దగ్గర చీకట్లో ఉంటుంది. ఆరు కొట్టగానే మీ చేతికే ఇస్తాను, మీ పాట అప్పుడు పెట్టండి’ అంటే చాలు. ఆవిడ గంటని మీరు లాక్కోవడం లేదు, జరుపుతున్నారు. ఆ మాట ఆవిడకి వినపడాలి. సుప్రభాతం ఆవిడ నాలుగున్నరకే వినాలనుకుంటే తక్కువ గొంతుతో వంటింట్లో ఫోనులో వింటారు.

మీ ఆయనకి షిఫ్టుని బట్టి పని ఉంది. ‘ఏ’ షిఫ్టు వారం యూనిఫామూ బూట్లూ హెల్మెట్టూ రాత్రే హాల్లో పెట్టుకోవాలి, అలారం వైబ్రేషన్ మీద దిండు కింద. వీలైతే ఆ వారం హాల్లోనే పడుకోవాలి. సీ షిఫ్టు నుంచి ఆరున్నరకి వచ్చాక పడుకునే ముందు ఒక అరగంట పాపని ఆయన ఎత్తుకోవచ్చు, మీ వంటకి అదే కీలకమైన అరగంట. బీ షిఫ్టు వారంలో పదకొండింటి ఏడుపుకి డైపరు మార్చి, పాపని మీ పక్కకి అందించేది ఆయనే. వీక్లీ ఆఫ్ రోజు 4.40 నుంచి ఆరు దాకా చీకటి గదిలో కూర్చోవడం ఆయన వంతు. పాలు ముందే తీసి ఫ్రిజ్‌లో ఉంచితే మీరు ఇంకో గదిలో తలుపేసుకుని పడుకోవచ్చు.

వచ్చిన సలహాల్లో మిగతావి తేల్చేస్తాను. చిక్కటి జావ పట్టినంత మాత్రాన పిల్లలు ఎక్కువసేపు పడుకోరు. పాప తిండి పాపకి పెట్టండి, నిద్రమందుగా కాదు. వస వద్దు, ఎంత అరగదీస్తే ఎంత లోపలికి పోతోందో ఎవరికీ తెలియదు. దాన్ని తేనెతో నాకిస్తారు కొందరు, ఏడాది నిండని పిల్లలకి తేనె చుక్క కూడా పెట్టకూడదు. జలుబు సిరప్పు మాట చెప్పినావిడకి ఇంకెవరికీ ఆ సలహా ఇవ్వొద్దని చెప్పండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందు నాలుగేళ్లలోపు పిల్లలకి వాడకూడదని 2023లో మన దేశ ఔషధ నియంత్రణ అధికారులే ఆదేశించారు. నిద్ర కోసం అలాంటిది పోస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

చీర ఉయ్యాల గురించి కూడా. పాప పట్టుకుని లేచి నిలబడుతోందని రాశారు. ఆ వయసు వచ్చాక చీర ఉయ్యాలలో బోర్లా తిరిగినా, అంచు పట్టుకుని లేచినా ప్రమాదమే. కునుకులు కూడా పరుపు మీదకి మార్చండి. కునుకు మార్పూ ఉయ్యాల మార్పూ ఒకే వారంలో పెట్టుకుంటే గొడవ ఎక్కువ, కానీ ఒకే గొడవతో పోతుంది. అత్తగారికి జోకొట్టడం రాకపోదు కదా.

డాక్టరుకి చూపించవలసినవి కొన్ని: గురక పెట్టడం, నోటితో ఊపిరి తీయడం, నిద్రలో ఊపిరి ఆగినట్టు అనిపించడం, చెవి లాక్కుంటూ ఏడవడం, రాత్రంతా కాళ్లు కొట్టుకుంటూ పొర్లడం. చివరిది రక్తహీనతతో కూడా రావచ్చు. మన దేశంలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క, కాబట్టి మా ఇంట్లో ఎందుకుంటుందిలే అనుకోవడానికి లేదు. ఆరు నెలలు దాటిన పిల్లలకి వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్పు ప్రభుత్వమే ఇస్తుంది, ఆశా కార్యకర్తని అడగండి. పప్పు, ఆకుకూర, గుడ్డు ఎలాగూ మొదలుపెట్టే ఉంటారు.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఒక్కటి మిగిలింది. తొమ్మిది నెలలు నిండగానే పాపకి ఎమ్మార్ (తట్టు, రుబెల్లా) టీకా, విటమిన్ ఏ చుక్కలు ఉంటాయి. ఎమ్మార్ వేశాక వారం పదిరోజులకి కొందరికి ఒళ్లు వెచ్చబడి, దద్దురు వచ్చి పోతుంది. ఆ రోజుల్లో పిల్ల ఎప్పుడు లేస్తే అప్పుడు ఎత్తుకోవాలి, ఏ పథకమూ నడవదు. అందుకని టీకా ముందు వేయించేయండి, రెండు వారాలు పోనివ్వండి, ఆ తర్వాత వచ్చే బీ షిఫ్టు వారం మొదటి రోజున దుప్పటి కిటికీకి కట్టండి. లేచే టైములు ఇప్పుడు రాసినట్టే మూడు వారాలూ రాయండి. అప్పటికీ ఐదు దాటకపోతే ఆ కాగితం పట్టుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి.